బాధకు నిలువెత్తు కాగితం

ఏటా అక్టోబరు 10 దగ్గర పడుతుంటే విజయవాడ, గుంటూరు కాలేజీల్లో ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం పేరుతో డ్రాయింగ్ పోటీలు మొదలవుతాయి. తలా ఒక చార్టు, గంట టైము, ఒక థీము. ఏ బొమ్మలు వస్తాయో చూడకుండానే చెప్పొచ్చు. సంకెళ్లు వేసిన మెదడు, సగం ఎండా సగం వానా పడుతున్న తల, మోకాళ్ల మధ్య మొహం దాచుకున్న అమ్మాయి. చెయ్యి తిరిగిన పిల్లలకు బహుమతులు, కారిడార్లో నాలుగు రోజులు ప్రదర్శన, అంతటితో సరి. లోపల నిజంగా నలిగిపోతున్న పిల్లవాడు కూడా ఆ రోజు ఆ మెదడే గీస్తాడు. మనం అతన్ని అడిగింది బాధ మీద ఒక పోస్టరు. అతని బాధేమిటని ఎవరూ అడగలేదు.

ఈ పోటీలు ఆపేయాలని నా గట్టి అభిప్రాయం. వాటి బదులు ప్రతి కాలేజీలో, ప్రతి హాస్టల్లో తలుపు వేసుకోగలిగిన గది ఒకటి ఉండాలి. అందులో నిలువెత్తు ఖాళీ కాగితం, కాస్త బొగ్గు. థీము వద్దు, మార్కులు వద్దు, గీసింది ఫలానా దానిలా కనిపించాలన్న నియమం అసలే వద్దు. ఇది పిల్లలకే కాదు, పెద్దవాళ్లకూ కావాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నీళ్లు తీశాక అధికారులు వచ్చి ఏ ఇంట్లో ఏం పోయిందో రాసుకున్నారు. ఆ తర్వాత ఏ రాత్రి వాన పడినా నిద్ర పట్టకపోతే, దాన్ని రాసుకునే గడి ఏ ఫారంలోనూ లేదు. మన ఇళ్లలో అలాంటి మాట బయటికి రావడమూ కష్టమే. వచ్చినా గుండెల మీద బరువుగా ఉందనో, కడుపులో తిప్పుతోందనో, తల పట్టేసిందనో వస్తుంది. బాధ ఒంట్లో ఉన్నప్పుడు దాన్ని ఒంటితోనే బయటపెట్టే దారి ఉండాలి కదా.

అందుకే సైజు ముఖ్యం. ఏ4 కాగితం మీద గీస్తే కదిలేది మణికట్టు, వేళ్లు. అవి బడిలో అక్షరాలు దిద్దిన వేళ్లు, నీట్‌గా రాయమని చీవాట్లు తిన్న వేళ్లు. కాగితం చిన్నదైతే అవి వెంటనే అందంగా, గీత దాటకుండా గీయడానికి సిద్ధపడతాయి. చాచిన చేతులంత వెడల్పుగా కాగితం ఉన్నప్పుడు గీత భుజం నుంచి రావాలి, ఒక్కోసారి నడుము నుంచి, రెండడుగులు పక్కకు నడిచి కూడా రావాలి. భుజంతో గీసే గీతను అంత తేలిగ్గా అదుపులో పెట్టలేం. ఎక్కడ గట్టిగా నొక్కామో, ఎక్కడ చెయ్యి ఆగిందో, ఎక్కడ వణికిందో కాగితం మీద అలాగే ఉండిపోతుంది. ఇది మనకు తెలియని సంగతి కూడా కాదు. సంక్రాంతి నెలలో వాకిలంతా పరుచుకునే ముగ్గు ఒళ్లంతా వంచి గీసే పెద్ద బొమ్మే కదా. అయితే ముగ్గుకు చుక్కలున్నాయి, లెక్క ఉంది, తప్పితే పక్కింటి పిన్నిగారు చెబుతారు. ఇక్కడ చుక్కలు లేవు. కాబట్టి "రోజూ ముగ్గేసుకుంటే చాలదా" అనేవాళ్లతో ఏకీభవించలేను. ముగ్గు మనసును కుదుటపరుస్తుంది, అది నిజం. లోపల ఏముందో చూపించమని మాత్రం అడగదు.

లోపల ఉన్నదంతా కాగితం మీద కక్కేస్తే తేలికపడతామని చాలామంది నమ్ముతారు. వర్క్‌షాపులు పెట్టేవాళ్లు కూడా ఇదే చెబుతుంటారు. పరిశోధనలు ఈ మాటను బలపరచడం లేదు. 2002లో బ్రాడ్ బుష్‌మన్ చేసిన ప్రయోగంలో, తమకు కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ పంచింగ్ బ్యాగును గుద్దినవాళ్లకు కోపం తగ్గలేదు, పెరిగింది. 2012లో జెన్నిఫర్ డ్రేక్, ఎలెన్ విన్నర్‌ల అధ్యయనంలో, బాధాకరమైన సంఘటనను గుర్తుచేసుకున్నాక ఆ బాధనే గీసినవాళ్ల కంటే, మనసు మళ్లించుకోవడానికి వేరే ఏదో గీసినవాళ్ల మూడ్ ఎక్కువ బాగుపడింది. 2005లో కర్రీ, కాసర్ చూసినదాని ప్రకారం మండలాలకు, అంటే గుండ్రటి డిజైన్లకు, రంగులేసినవాళ్ల ఆందోళన తగ్గింది, ఖాళీ కాగితం ఇచ్చి ఇష్టమొచ్చినట్టు రంగులేసుకోమన్నవాళ్లకు అంత తగ్గలేదు. వీటిని దాచిపెట్టి పెద్ద కాగితాన్ని పొగడటం నిజాయితీ కాదు. రేపు పొద్దున పరీక్ష, ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి అంటే మండలాలకు రంగులేసుకోండి, లేదా నాలుగడుగులు నడిచి రండి. ఆ పనికి అదే సరైన సాధనం.

పెద్ద కాగితం పని వేరు. అది బాధను ఎదురుగా, చూడటానికి వీలైనంత దూరంలో పెడుతుంది. ఎంత బరువు, ఎటువైపు నుంచి వస్తోంది, అంచు ఉందా లేదా, నిలబడి ఉందా తిరుగుతోందా అన్నవి మాటల్లో చెప్పమంటే నోరు పెగలదు. గీతలో ఇవన్నీ కొలతలే. ఆ కొలత మన కళ్ల ముందుంటే మర్నాడు పోల్చి చూసుకోవచ్చు, కావాలనుకుంటే ఇంకొకరికి చూపించొచ్చు. మూడ్ బాగుపడిందా అన్నది కాకుండా, కనిపించిందా అన్నది అడగాలి. ఇక మీదట చెప్పే పద్ధతంతా ఈ తేడా మీదే ఆధారపడి ఉంది.

కాగితంతో మొదలుపెడదాం. స్కూలు సామాన్ల షాపుల్లో దొరికే చార్టు మామూలుగా 22 × 28 అంగుళాలు. మనిషి చాచిన చేతుల వెడల్పు దాదాపు అతని ఎత్తుతో సమానం. ఐదున్నర అడుగుల మనిషికి 66 అంగుళాలు. చార్టుల్ని నిలువుగా మూడు పక్కపక్కన, రెండు వరసల్లో పెడితే 66 × 56 అంగుళాలు వస్తుంది, అంటే ఆరు చార్టులతో పని అయిపోతుంది. వెనకవైపు అంగుళం మాస్కింగ్ టేపు అతుకు పొడవునా ఖాళీ లేకుండా వేయాలి. మధ్యలో వదిలేస్తే బొగ్గు అంచు అక్కడే తగులుకుని కాగితం చిరుగుతుంది. ముందువైపు టేపు వేయొద్దు, దాని మీద బొగ్గు పట్టదు. చార్టుకు రెండు వైపుల్లో ఒకవైపు నున్నగా మెరుస్తుంటుంది. గరుకుగా ఉన్న వైపే వాడాలి. పుస్తకాలకు అట్టలేసే బ్రౌన్ పేపర్ రోలు దొరికితే ఇంకా మంచిది, ఆ మట్టిరంగు మీద నల్లబొగ్గూ తెల్ల సుద్దముక్కా రెండూ కనిపిస్తాయి. ప్రెస్సుల్లో రీలు చివర మిగిలే న్యూస్‌ప్రింట్ చవకే, కానీ పల్చన. చెయ్యి సాగదీసుకోవడానికి వాడుకోవచ్చు, నెలల్లో పచ్చబడిపోతుంది.

గోడ దగ్గరే అసలు తలనొప్పి. సున్నం, పాత డిస్టెంపర్ వేసిన గోడకు టేపు నిలవదు, పొడితో సహా ఊడి వస్తుంది. కొత్త పెయింటైతే టేపుతో పాటు పెయింటూ వస్తుంది, ఓనరుతో గొడవ. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు, 8 × 4 అడుగులది, గోడకు చేరవేస్తే ఈ బాధ లేదు. అపార్ట్‌మెంటు లిఫ్టులో పట్టదు కాబట్టి షాపులోనే రెండు 4 × 4 ముక్కలుగా కోయించుకోండి. ప్లై మీదైతే చార్టుల్ని అడ్డంగా పెట్టాలి. మూడు పక్కపక్కన, రెండు వరసలైతే 84 × 44 అంగుళాలు, చుట్టూ క్లిప్పులకు చోటు మిగులుతుంది. కింది అంచు మోకాలి ఎత్తులో ఉంటే పైఅంచు సులువుగా అందుతుంది. హాస్టల్ గదిలో గోడే ఖాళీ లేదంటే నేల మీద గీయొచ్చు, కాకపోతే టైల్స్ మధ్య గాడి ప్రతి గీతలోనూ అచ్చు పడుతుంది. మన ఊళ్లలో కొదవలేనివి పాత ఫ్లెక్సీలు. ఒకదాన్ని రెండు మడతలేసి కింద పరిస్తే గాడి తెలియదు, నేలా పాడవదు. ఫ్లెక్సీ వెనకవైపు తెల్లగా ఉంది కదా అని దాని మీదే గీయాలని చూడకండి, బొగ్గు జారిపోతుంది. నేల మీద గీసేటప్పుడు మోకాళ్ల కింద దుప్పటి మడత ఉండాలి. మధ్యలో స్టూలెక్కి పైనుంచి చూడాలి, లేదంటే బొమ్మ మొత్తం ఎప్పటికీ కనిపించదు.

బొగ్గు రెండు రకాలు కొనండి. పుల్లల్లా ఉండే మెత్తటి బొగ్గు ఐదారు, పొడిని అచ్చుపోసిన గట్టి నల్లబొగ్గు రెండు. మొదటిది గుడ్డతో తుడిస్తే పోతుంది, రెండోది పోదు. ఈ తేడా తెలియక మొదటి నిమిషంలోనే గట్టిబొగ్గు పట్టుకుంటే ఇక మార్చడానికేమీ మిగలదు. ఇస్త్రీ బొగ్గులతో గీయొచ్చా అంటే గీయొచ్చు, కాకపోతే వాటిలో గట్టి పలుకులుంటాయి, కాగితాన్ని గీరేస్తాయి. ఉబ్బసం ఉన్నవాళ్లు బొగ్గు జోలికి పోకుండా ఆయిల్ పేస్టెల్స్ తీసుకోవాలి. మిగతావాళ్లు మూతికి మాస్కు కట్టుకుంటే చాలు. రంగు వాడాలని ఉన్నవాళ్లు చాలామంది ఇంట్లో మిగిలిన తెల్ల డిస్టెంపర్లో నల్ల స్టైనర్ (పెయింటులో కలిపే చిక్కటి రంగు) కలుపుతారు. ఎంత కలిపినా బూడిదరంగే వస్తుంది, నలుపు రాదు. నలుపుకు పోస్టర్ కలరే తెచ్చుకోవాలి. పైగా తడి తగిలితే చార్టు ఉబ్బి అతుకులు ఊడతాయి. కొత్తవాళ్లు కొన్నాళ్లు పొడి సామానుతోనే ఉండటం మేలు.

ఫ్యాను ఆపాలి, లేకపోతే బొగ్గుపొడి ఇల్లంతా. మే నెల విజయవాడలో ఫ్యాను లేకుండా నిలబడటం ఎవరి తరమూ కాదు కాబట్టి ఎండాకాలంలో తెల్లవారుజామున ఐదున్నర, ఏడు మధ్య పెట్టుకోండి. సాయంత్రం డాబా మీదకు పోదామంటే నేల చీకటి పడ్డాక కూడా కాలుతూనే ఉంటుంది. అయ్యాక పొడిని చీపురుతో ఊడిస్తే గాల్లో లేస్తుంది, తడిగుడ్డతో తుడవాలి.

ఇప్పుడు గీయడం. మొత్తం ముప్పావుగంట. 2016లో గిరిజా కైమల్ బృందం 39 మంది పెద్దలతో చేసిన చిన్న అధ్యయనంలో కూడా ఏదైనా కళాకృతి చేయడానికి 45 నిమిషాలే ఇచ్చారు. దాదాపు ముప్పావు వంతు మందికి లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను తగ్గింది. పోల్చి చూడటానికి రెండో గుంపు లేదు కాబట్టి దాన్ని రుజువుగా చెప్పను, సమయానికి ఒక ఆనవాలుగా మాత్రం తీసుకుంటాను. ఫోన్లో అరగంటకు అలారం పెట్టి పక్కగదిలో వదిలేయండి. ముందు ఐదు నిమిషాలు కాగితం ముందు కాళ్లు ఎడంగా పెట్టి ఊరికే నిలబడాలి. ఇప్పుడు ఒంట్లో ఎక్కడ పట్టేసినట్టుంది? గొంతా, దవడా, రొమ్మా, కడుపా? ఒక్క చోటే ఎంచుకోవాలి. ఎవరు ఏమన్నారు, ఎందుకన్నారు అన్న కథలోకి వెళ్లొద్దు. కథలోకి వెళితే అది పంచింగ్ బ్యాగే అవుతుంది.

తర్వాత ఇరవై ఐదు నిమిషాలు గీత. మొదటి గీత అలవాటు లేని చేత్తో, కళ్లు మూసుకుని, బొగ్గును పడుకోబెట్టి గీయండి. ఎడమచేతికి అందంగా గీయడం రాదు, అదే కావలసింది. అక్కణ్నుంచి ఒక్కో ప్రశ్నకూ గీతతోనే జవాబివ్వాలి. బరువెంత? అది నొక్కుడు. వేగమెంత? అది చెయ్యి కదిలే తీరు. ఎక్కడుంది? కాగితంలో ఆ మూలేనా, మధ్యేనా? మొహాలు, కళ్లు, గుండె గుర్తులు, అక్షరాలు వద్దు. అవి రాగానే మనకు ముందే తెలిసిన అర్థాలు వచ్చి కూర్చుంటాయి, పోటీలో గీసిన మెదడు దగ్గరికి మళ్లీ చేరతాం. అలవాటుకొద్దీ ఒక కన్ను వచ్చేస్తే కంగారుపడక్కర్లేదు, దాని మీదుగా గీత పోనిస్తే సరి.

సుమారు పదిహేను నిమిషాల దగ్గర చాలామందికి ఒకటే జరుగుతుంది. బాధ ఉందనిపించిన చోటే గీత మీద గీత పడి నల్లటి ముద్ద తయారవుతుంది. కాగితానికి సన్నటి గరుకు ఉంటుంది, బొగ్గు ఆ గుంటల్లో నిలుస్తుంది. అవి నిండిపోయాక ఎంత రుద్దినా బొగ్గు పట్టదు, జారుతుంది, ఆ చోటు కాస్త మెరుస్తుంది. గీసేవాళ్లు ఇంకా నలుపు కావాలని ఇంకా నొక్కుతారు, పుల్ల విరుగుతుంది, కాగితం లేస్తుంది, చిరుగుతుంది. మనసులో అదే ఆలోచన గింగిరాలు తిరగడం కూడా సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. ఇక్కడ చేయాల్సింది ఆపేయడం కాదు, పనిముట్టు మార్చడం. పాత నూలుగుడ్డ తీసుకుని ఆ ముద్దను భుజమంతా కదిలేలా ఒక వైపుకు తుడవండి. నలుపు పూర్తిగా పోదు, బూడిదరంగై పరుచుకుంటుంది, కింద మొదట గీసిన గీతల జాడలు తేలతాయి. ఇప్పుడు తెల్ల రబ్బరుతో ఆ బూడిదలోంచి గీత తీయాలి. గీస్తుంటే నలుపు చేరదు, వెలుతురు తెరుచుకుంటుంది. ఏది ఉంచాలి, ఏది తీయాలి అన్న నిర్ణయం గీసేవాళ్ల చేతికి వస్తుంది. ఈ పద్ధతి మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఈ ఘట్టమే. కక్కేయడానికీ దీనికీ తేడా ఇక్కడే కంటికి కనిపిస్తుంది.

అలారం మోగగానే ఆగాలి, బొమ్మ అయినా కాకపోయినా. మిగిలిన పావుగంట ఆరేడు అడుగుల దూరంలో కూర్చుని చూడటానికి. ఆ తర్వాత వెనకవైపు తేదీ, రెండు మూడు వాక్యాలు. "ఎడమ పక్క కింద బాగా నలుపు. కుడిపక్క ఏమీ గీయలేదు. దవడ వదులైంది, గొంతు అలాగే ఉంది." అర్థాలు వద్దు, ఉన్నది ఉన్నట్టు. మొదలుపెట్టే ముందు, ఆపాక బరువెంతో సున్నా నుంచి పదిలోపు ఒక అంకె వేయండి. వారానికి రెండుసార్లకు మించి అవసరం లేదు.

గీస్తుండగా చుట్టూ ఉన్నవి దూరమైపోయినట్టనిపించినా, పాత సంఘటన ఇప్పుడే జరుగుతున్నట్టనిపించినా, ఊపిరి అందకపోయినా బొగ్గు కింద పెట్టేయాలి. చల్లటి గచ్చు మీద ఉత్త పాదాలు ఆనించి, నీళ్లు తాగి, గదిలో కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి. ఆ రోజుకు అంతే. హింసకు, అత్యాచారానికి గురైనవాళ్లు, లేనివి వినిపించే, కనిపించే స్థితిలో ఉన్నవాళ్లు ఈ పని ఒంటరిగా చేయకూడదు, తెలిసిన నిపుణులు పక్కన ఉండాల్సిందే. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే గీయడం కాదు చేయాల్సింది. 14416కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు.

ఇంట్లోవాళ్లకు, లెక్చరర్లకు, వార్డెన్లకు ఒక విన్నపం. బొమ్మకు అర్థం చెప్పకండి. నలుపు ఎక్కువుంటే డిప్రెషన్, ఎరుపుంటే కోపం అన్నది ఉట్టిమాట. బొగ్గుతో గీస్తే నలుపే వస్తుంది మరి. ఇల్లు, చెట్టు, మనిషి గీయించి జబ్బు చెప్పే పరీక్ష 1940ల నుంచి ఉంది, దాని మీద ఆధారపడి జబ్బు తేల్చడం సరికాదని మనస్తత్వ శాస్త్రంలో గట్టి విమర్శలే ఉన్నాయి. నిపుణులకే కుదరనిది మనకెలా కుదురుతుంది? "ఏంట్రా ఇది, ఏమీ అర్థం కావట్లేదు" అనడమూ వద్దు, "ఎంత బాగుందమ్మా" అనడమూ వద్దు. రెండూ మార్కులేయడమే. "ఇందులో నాకేమైనా చూపిస్తావా?" అని అడిగి, చూపించనంటే ఊరుకోవాలి.

ఎవరి బొమ్మ వాళ్లదే. జాక్సన్ పొలాక్ అనే అమెరికన్ చిత్రకారుడు 1939–40లో మానసిక చికిత్సకు వెళ్లేటప్పుడు గీసి పట్టుకెళ్లిన బొమ్మల్ని, చికిత్స చేసిన డాక్టరు జోసెఫ్ హెండర్సన్ దాచి ఉంచి 1970లో అమ్మేశాడు. చిత్రకారుడి భార్య లీ క్రాస్నర్ కోర్టుకెక్కింది. మన దగ్గర 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్సలో ఉన్నవాళ్ల ఫొటోగానీ సమాచారంగానీ వాళ్ల అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదు. కాలేజీ గదిలో గీసిన కాగితానికి కూడా కనీసం ఆ మర్యాద దక్కాలి. నోటీసు బోర్డు మీదా, వాట్సాప్ గ్రూపులోనూ, కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ కోసం తయారుచేసే ఫైల్లోనూ అది కనిపించకూడదు. ఆ పొలాకే 1947 నుంచి నేల మీద పరిచిన పెద్ద కాన్వాసుల మీద ప్రపంచమంతా చూసిన పనిచేసి, 1956లో తాగి కారు నడుపుతూ చనిపోయాడు. పెద్దగా గీసినంత మాత్రాన మనిషి గట్టెక్కడు. మందులు, కౌన్సెలింగ్ చేసే పని కాగితం చేయలేదు. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో దేశంలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. జబ్బును బట్టి అందులో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. డాక్టరు దగ్గరికి వెళ్లకుండా ఉండటానికి బొమ్మలు ఒక సాకైతే ఈ వ్యాసం రాసి దండగ.

దాచుకోదలిస్తే డాబా మీద అడుగు దూరం నుంచి ఫిక్సేటివ్ (బొగ్గు రాలకుండా పట్టి ఉంచే స్ప్రే) రెండు పల్చటి పూతలు కొట్టండి. ఒకేసారి తడిసేలా కొడితే బొగ్గు కారుతుంది. పైన పాత పేపరు పరిచి చుట్టి, నాలుగంగుళాల పీవీసీ పైపులో పెడితే వానాకాలం బూజు పట్టదు. చింపేయాలనిపిస్తే చింపేయొచ్చు, ఒక్క రోజు ఆగి.

రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి, పని మీద ధ్యాస దెబ్బతిని ఉంటే విజయవాడలోనైనా గుంటూరులోనైనా ప్రభుత్వాసుపత్రికి వెళ్లి సైకియాట్రీ ఓపీ చీటీ తీసుకోండి. అక్కడ డాక్టరుకు మనకోసం దొరికేది కొద్ది నిమిషాలే, ఆ కంగారులో నోరు కట్టేసుకుపోతుంది. నాలుగైదు బొమ్మల్ని ఒక్కోటీ నాలుగు మూలలూ పడేలా, పగటి వెలుతురులో, తేదీల వరసలో ఫొటోలు తీసుకెళ్లండి. వెనక రాసిన వాక్యాలు, అంకెలు కూడా తీయండి. ఫోన్ ఆయన చేతికిచ్చి ఇంతే చెప్పండి: "డాక్టర్ గారూ, ఇది మొదటి వారం, ఇది నిన్న. ఈ నల్లగా ఉన్నచోటు రొమ్ములో బరువు. రాత్రి రెండింటికి మొదలై తెల్లారేదాకా ఉంటోంది."